ఒంట్లో సత్తువ ఉంటేనే అర్జీ

అఖిల భారత సర్వీసుల్లో వికలాంగుల కోటా ఎందుకని 2024 జులైలో మన సీనియర్ ఐఏఎస్ అధికారిణి ఒకరు ఎక్స్‌లో అడిగితే లోకమంతా ఆవిడ మీద పడింది. వికలాంగుడైన పైలట్‌ను ఏ విమాన సంస్థయినా పెట్టుకుంటుందా, వికలాంగుడైన సర్జన్‌ను మీరు నమ్ముతారా అన్నారు. ఫీల్డులో తిరగాలి, గంటల తరబడి పనిచేయాలి, జనం గోడు నేరుగా వినాలి, కాబట్టి ఒంట్లో సత్తువ ఉండాలన్నారు.

ఆవిడను తిట్టడం అన్యాయం. గోడు వినేవాళ్లకు సత్తువ ఉండాలని ఆవిడ అన్నది 2024లో. చెప్పుకునేవాళ్లకు ఉండాలని సర్కారు ఏనాడో తీర్మానించి, సిమెంటూ కంకరా పోసి మరీ అమలు చేసేసింది.

ఏ తహసీల్దారు ఆఫీసుకైనా వెళ్లి చూడండి. ముందు కనిపించేవి మెట్లనుకుంటాం. కావు, అవి ప్రిలిమ్స్. హాల్‌టికెట్టు వైకల్యం సర్టిఫికెట్. మెయిన్స్ మొదటి అంతస్తులో. లిఫ్టు ఉంటే దానికి తాళం, తాళంచెవి ఉన్న మనిషి సెలవు. ఎలాగో పైకి చేరితే ఇంటర్వ్యూ: ‘సారు వీడియో కాన్ఫరెన్స్‌లో ఉన్నారు, రేపు రా.’ రేపు మళ్లీ ప్రిలిమ్స్ నుంచే. యూపీఎస్సీ కూడా ఇంత కఠినంగా ఉండదు.

ర్యాంపు లేదనకండి, ఉంది. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలని లెక్క. అంటే రెండడుగుల వరండాకు ఇరవై నాలుగడుగుల వాలు కావాలి. కాంట్రాక్టరు ఆరడుగుల్లో తేల్చేశాడు. దాని మీదుగా అటెండరు బైకు ఫస్టు గేరులో మూలుగుతూ ఎక్కుతుంది, ఎక్కి అక్కడే స్టాండు వేసుకుంటుంది. వీల్‌చైరు ఎక్కితే పాసు, వెనక్కి దొర్లితే వచ్చే సోమవారం సప్లిమెంటరీ.

ఐపీఎస్ ఆశపడేవాళ్లకు వేరే పరీక్ష: పల్లెవెలుగు బస్సు. ఫుట్‌బోర్డు మోకాలి ఎత్తున ఉంటుంది, బస్సు పూర్తిగా ఆగకపోవడం సిలబస్‌లో భాగం. లోపల ‘వికలాంగులకు’ అని రాసిన సీటు గెలిచినవాడికి ట్రోఫీ. రైల్వే వారిది మారథాన్. వికలాంగులకంటూ ఒక పెట్టె ఉంది, కాకపోతే రైలుకు ఈ చివరో ఆ చివరో. అది ఎక్కడ ఆగుతుందో రైలు ఆగాకగానీ తేలదు. రెండు నిమిషాల స్టాపింగులో చంకకర్రలతో పరుగెత్తి అందుకున్నవాడికి సత్తువ లేదని ఏ మెడికల్ బోర్డు అంటుందో చెప్పండి.

కాబట్టి నా ప్రతిపాదన ఒకటే. ఆఫీసుల్లో పైఅంతస్తుకు ఎవరి సాయమూ లేకుండా చేరుకున్న ప్రతి వికలాంగుడికీ అక్కడికక్కడే నియామక పత్రం ఇచ్చేయాలి. మళ్లీ ఫిట్‌నెస్ టెస్టు ఎందుకు? మన జైపాల్ రెడ్డిగారు పోలియో కాళ్లతో, చంకకర్రల మీదే కల్వకుర్తి పల్లెలు తిరిగి నాలుగుసార్లు ఎమ్మెల్యే అయ్యారు, ఢిల్లీలో పట్టణాభివృద్ధి శాఖ నడిపారు. ఫీల్డు వర్కు అంటే అది కాదేమో మరి. 2019 జులై 28న ఆయన పోయారు, అడుగుదామన్నా లేరు.

మధ్యమధ్య పరీక్ష రద్దవుతుంది కూడా. 2024 మే 13న, ఎన్నికల రోజుకు, బళ్లలో రాత్రికి రాత్రి చెక్కలతో ర్యాంపులు మొలిచాయి, వీల్‌చైర్లొచ్చాయి, నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లలో అడిగినవాళ్ల ఇంటికే అంతకుముందే ఓటు నడిచెళ్లింది. ఓటుకు తెలిసిన దారి పాసుబుక్కుకు తెలియదు. ప్రజావాణి రోజున ఒక్కోసారి కలెక్టరే మెట్లు దిగి, కింద కూర్చున్న మనిషి దగ్గర అర్జీ తీసుకుంటారు. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటో, ‘దివ్యాంగురాలి చెంతకే కలెక్టర్’ అని. ర్యాంపు కట్టేస్తే ఆ ఫొటో ఎక్కణ్నుంచి వస్తుంది?

ఒక వేసవిలో ఒక మండల ఆఫీసు దగ్గర ఒకాయన నాలుగు చక్రాల స్కూటీ దిగి, రెండు చేతులకూ హవాయి చెప్పులు తొడుక్కుని, కాలిపోతున్న గ్రానైటు మెట్ల మీద వెనక్కి వెనక్కి జరుగుతూ ఎక్కుతున్నాడు. అర్జీ పళ్ల మధ్య. ‘ఎవరినన్నా పంపొచ్చుగా’ అన్నాడు పైనుంచి ఒక ఉద్యోగి. ముందు తమ్ముణ్ని పంపితే, వేలిముద్ర పడాలి, మనిషే రావాలని తిప్పి పంపిందీ ఆ ఆఫీసే!

సిగ్గుండాలి. పైలట్ సంగతీ సర్జన్ సంగతీ తర్వాత మాట్లాడదాం. ర్యాంపు లాంటి వసతుల్లేని భవనానికి కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ చెబుతోంది. మరి కొత్త భవనాలకు ఆ కాగితం మీద సంతకం ఎవరిది? పాత భవనాలు సరిచేయడానికి 2017లో రూల్స్ వచ్చిన నాటి నుంచి ఐదేళ్లు గడువిచ్చారు, 2022 జూన్‌తో అదీ తీరిపోయింది. చట్టం మీరితే మొదటిసారి పదివేల దాకా జరిమానా, మళ్లీ మీరితే యాభై వేల నుంచి ఐదు లక్షలు. మెట్లెక్కలేనివాడు సర్వీసుకు పనికిరాడని తేల్చడానికి ఒక్క ట్వీటు చాలింది. ఆ మెట్లు కట్టించినవాళ్లలో ఒక్కరి జీతంలోంచైనా ఆ పదివేలు కోసినట్టు మీలో ఎవరన్నా విన్నారా?