ఒకే సైజు అక్షరం: పుదూరు ట్రెడిల్ ఆత్మకథ

నేనొక ట్రెడిల్‌ని, కాలితో తొక్కి నడిపే అచ్చుయంత్రాన్ని. తమిళనాట కోవిల్‌పట్టి, విరుదునగరం వైపు నల్లరేగడి నేలలో ఉన్న పుదూరు మా ఊరు. పెళ్లి పత్రికలు, అమ్మవారి జాతర నోటీసులు, మిరపకాయల మండీ బిల్లు పుస్తకాలు అచ్చేసి బతికాను. కానీ నా బతుకుకు ఒక విలువ వచ్చింది మాత్రం కాలేజీ పిల్లల ఎన్నికల వల్లే. ఓట్లడిగే నోటీసులూ వేశాను, ఓటు వేసే బ్యాలెట్ కాగితాలూ వేశాను. ఆ రెండింటికీ ఉన్న తేడా ఏమిటో చెప్పడానికే ఈ కథ.

1960ల మొదట్లో మదురైలో ఒక అచ్చాఫీసు మూతపడితే మా ముదలాళి, అంటే యజమాని, నన్ను కొని, లారీలో వేసుకొని తెచ్చాడు. ఆయన ఇంట్లో మాట తెలుగు, నా పక్కనున్న కేసుల్లో, అంటే అచ్చు అక్షరాల పెట్టెల్లో, ఉన్నవి తమిళం. ఈ ప్రాంతంలో అది వింతేమీ కాదు. ఇట్లాంటివాళ్ల తాతముత్తాతలు తెలుగునాట నుంచి ఎప్పుడో వలసవచ్చి రేగడి దున్నుకున్నారు. మాట నిలిచింది, లిపి పోయింది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ కూడా తెలుగింటి బిడ్డే. తనవాళ్ల వలస కథను ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలోనే రాశాడు.

నా పని తీరు చెబుతాను. తొక్కుడు పలక మీద కాలు ఆడిస్తే పక్కనున్న పెద్ద చక్రం తిరుగుతుంది. నెత్తిన గుండ్రటి ఇంకు పళ్లెం ఉంటుంది. రోలర్లు పైకి పోయి దాని మీది ఇంకు పూసుకొని కిందికి దిగి, ఇనుప చట్రంలో బిగించిన సీసపు అక్షరాల మీదుగా దొర్లుతాయి. ఆ వెంటనే కాగితం ఉన్న పలక వచ్చి పుస్తకం మూసినట్టు అక్షరాలకు ఒత్తుకుంటుంది. నడిపేవాడు కుడిచేత్తో తెల్లకాగితం పెట్టాలి, ఎడమచేత్తో అచ్చయిన కాగితం తీయాలి. లయ తప్పితే వేళ్లు పోతాయి. ముదలాళి తమ్ముడు ఈ పని పదిహేనేళ్లకే నేర్చాడు. బడి లేని రోజుల్లో అక్షరాలు కూర్చడమూ అతనే, నన్ను తొక్కడమూ అతనే.

కాలేజీ కుర్రాళ్లు మొదటిసారి నా ముందు గుమిగూడింది 1965లో. ఆ జనవరి 26 నుంచి హిందీ ఒక్కటే కేంద్రం అధికార భాష అవుతుందని విద్యార్థులు రోడ్డెక్కారు. 25న మదురైలో ఊరేగింపు కొట్లాటగా మారింది. తర్వాత మంట రాష్ట్రమంతా పాకింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు కూడా తమిళం కోసం ఊరేగారు. రెండేళ్లు తిరిగేసరికి 1967 ఎన్నికలొచ్చాయి. విరుదునగరంలో, తను పుట్టిన ఊళ్లోనే, కామరాజు 1,285 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. గెలిచిన పి. శ్రీనివాసన్ ఆ ఉద్యమంలో ముందు నిలిచిన విద్యార్థి నాయకుడు. తొమ్మిదేళ్లు ముఖ్యమంత్రిగా ఉండి, ఊరూరా బళ్లు తెరిచి, పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించిన మనిషి ఓడినందుకు మా ముదలాళి ఆ రోజు అన్నం ముట్టలేదు. తమ్ముడేమో నిద్రపోలేదు. చదువుకునే కుర్రాడు అంత పెద్దమనిషితో తలపడి గెలవగలడన్న మాట ఆ రాత్రి ఈ చుట్టుపక్కల ప్రతి కుర్రాడి చెవినా పడింది.

మా ఊరి పిల్లలు బస్సెక్కి చదువుకు పోయే రోజులవి. విరుదునగరంలో 1947 నుంచే కాలేజీ ఉంది, కోవిల్‌పట్టిలో 1966లో జి. వెంకటస్వామి నాయుడు పేరిట ఇంకొకటి వచ్చింది. ఆ కాలపు కాలేజీల్లో విద్యార్థి సంఘానికి పెద్దను చేర్మన్ అనేవాళ్లు. ఏటా ఎన్నిక. ఆ ఎన్నికకు ఎంత బరువుందో ఒక లెక్క చెబుతాను. అప్పట్లో దేశంలో ఓటు హక్కు 21 ఏళ్లకు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి జీవితంలో చేతికందే మొదటి బ్యాలెట్ చేర్మన్ ఎన్నికదే.

నోటీసుల కోసం నా దగ్గరికి అభ్యర్థులు వచ్చేవాళ్లు. ప్రతివాడికీ ఒకటే కోరిక, తన పేరు పెద్దగా కనబడాలి. సీసం అక్షరాలు చాలక కొయ్యలో చెక్కిన పెద్ద అక్షరాలు తీసేవాళ్లం. డబ్బున్నవాడు జింకు బ్లాకు చేయించి ఫొటో వేయించుకునేవాడు. ఇంకా ఉన్నవాడు శివకాశికి పోయి రంగుల పోస్టరే వేయించేవాడు. లేనివాడు పావు కాగితం మీద నల్లటి ఇంకుతో నాలుగు మాటలు వేయించుకొని, వాటినే పొదుపుగా పంచేవాడు. నోటీసులో అక్షరం సైజు జేబును బట్టి ఉండేది. ఎవరి మనసు ఎంత పెద్దదో ఆ కాగితం మీద కనబడేది కాదు.

ఒక ఏడు ముదలాళి తమ్ముడే, తను చదివే కాలేజీలో, చేర్మన్ పదవికి నిలబడ్డాడు. అదే ఏడు బ్యాలెట్ కాగితాల పని మా అచ్చాఫీసుకు వచ్చింది. టౌనులో అచ్చాఫీసులన్నీ అభ్యర్థుల పనిలో మునిగి ఉన్నాయి కాబట్టి బయటి ఊళ్లో వేయిద్దామని కాలేజీవాళ్లు అనుకున్నారట. ముదలాళి ఆ పూటే బస్సెక్కి పోయి ప్రిన్సిపాల్‌తో చెప్పాడు: “అయ్యా, నిలబడినవాళ్లలో ఒకడు నా తోడబుట్టినవాడు. ఈ పని ఇంకొకరికి ఇవ్వండి.” ప్రిన్సిపాల్ కాసేపు ఆలోచించి, “ఈ మాట చెప్పడానికి ఇంత దూరం వచ్చినవాడు వేస్తేనే నాకు నిమ్మళం” అని, ఒక లెక్చరర్‌ను నా పక్కన కుర్చీ వేసుకొని కూర్చోమని పంపాడు.

ఆ బ్యాలెట్ ఎట్లా తయారైందో ఇప్పటికీ నా ఇనుముకు గుర్తే. పేర్లు తమిళ అక్షరక్రమంలో ఒకదాని కింద ఒకటి. అన్నీ ఒకే కేసులోంచి తీసిన అక్షరాలు. పేరుకూ పేరుకూ నడుమ ఒకే మందం సీసపు పట్టీ. కుడిపక్క గుర్తు పెట్టడానికి గళ్లు, అన్నీ సమానం. అభ్యర్థి తన పేరు తానే కూర్చుకోకూడదని ముదలాళి ఆ రోజు తమ్ముణ్ణి కేసు దగ్గరికి రానివ్వలేదు. మొదటి ప్రూఫ్ తీసి ఎండలో పట్టుకొని చూశాడు. ఒక పేరులో ఒక అక్షరం కాస్త అరిగి పలచగా పడింది. అది తమ్ముడికి గట్టి పోటీ ఇస్తున్న కుర్రాడి పేరు. ముదలాళి చట్రం విప్పి, ఆ అక్షరం తీసేసి, కొత్తది పెట్టి, మళ్లీ బిగించాడు. లెక్చరర్ కళ్లజోడు తుడుచుకుంటూ ఏమీ అనలేదు.

అచ్చయిన కాగితాలు వందలుగా లెక్కపెట్టి, చెడిపోయినవి కూడా లెక్కలో రాసి, వాటిని పెరట్లో తగలబెట్టారు. అక్షరాలు విప్పి కేసుల్లో సర్దేశారు. ఆ రాత్రి తమ్ముడి స్నేహితులు తలుపు తట్టారు.

“అన్నా, ఒక యాభై కాగితాలు ఎక్కువ వేసియ్యి. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది గదప్పా” అన్నాడు ముదలాళి. “వాడు దొంగ కాగితంతో గెలిస్తే రేపట్నుంచి వాడు చెప్పేదంతా దొంగమాటే అవుతుంది. పోయి ఒక్కొక్క పిల్లవాణ్ణీ అడగండి, పోండి.”

తమ్ముడు ఓడిపోయాడు. మూడో రోజు గెలిచిన కుర్రాడే మా అచ్చాఫీసుకు వచ్చాడు, ఓటేసినవాళ్లకు కృతజ్ఞతల నోటీసు వేయించుకోవడానికి. లోపల కేసు ముందు నిలబడి ఉన్నది తమ్ముడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తమ్ముడు చెయ్యి చాచి రాత కాగితం తీసుకొని, ఒక్కొక్క అక్షరమే ఏరి కూర్చడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, “హాస్టలు నీళ్ల సంగతి కూడా రాయి, నేను దాని మీదే ఓట్లడిగినాను, నువ్వన్నా చేయించు” అన్నాడు. ఆ కుర్రాడు అక్కడే బెంచీ మీద కూర్చొని ఆ వాక్యం రాసిచ్చాడు. నేను వేసిన నోటీసులన్నిట్లోకీ నాకు ఇష్టమైనది అది.

తర్వాత కాలం మారింది. బయటి పార్టీల డబ్బు, కులాల పట్టింపు కాలేజీ గోడలు దాటి వచ్చాయి. కొట్లాటలు జరిగాయి. తమిళనాట చాలా కాలేజీల్లో ఎన్నికలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మార్కులు చూసో, లెక్చరర్లు మెచ్చో ప్రతినిధిని వేసే పద్ధతి వచ్చింది. ఆంధ్రదేశంలోనూ 1980ల చివర కాలేజీ ఎన్నికలు ఆపేశారు. సరిగ్గా అదే కాలంలో, 1989లో, 61వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి దించింది. దేశం పద్దెనిమిదేళ్ల పిల్లల్ని నమ్మి ఓటిచ్చిన రోజుల్లోనే కాలేజీలు వాళ్ల చేతిలోంచి ఓటు తీసేసుకున్నాయి. నాకు బ్యాలెట్ పని ఆగిపోయింది. ఆఫ్‌సెట్ వచ్చింది, ఆ తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. ఇప్పుడు నేను బిల్లు పుస్తకాలకు నంబర్లు వేస్తాను, రసీదులు చిరగడానికి చుక్కల గీత కొడతాను.

ఎన్నికల మాట మళ్లీ నా చెవిన పడింది ముదలాళి మనవరాలి వల్ల. ఆ పిల్ల హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ.లో చేరింది. అక్కడ విద్యార్థి సంఘాన్ని ఇప్పటికీ నేరుగా ఓట్లేసి ఎన్నుకుంటారు. ఒక పదవికి తానూ నిలబడుతున్నానని ఫోన్ చేసింది. ముదలాళికి వయసు మరిచిపోయేంత సంతోషం. “నోటీసులు నేనే వేసి పంపుతా పాపా” అన్నాడు.

“కుదరదు తాతా. అచ్చేసిన కాగితం పంచకూడదు. చేత్తో రాసిన పోస్టర్లే అంటించాలి.”

అది లింగ్డో కమిటీ నియమం. ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా చేసి విరమించిన జె.ఎం. లింగ్డో నాయకత్వంలోని కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. ఆ ఏడు సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమంది. ఒక్క అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించకూడదు. హాజరు 75 శాతం ఉండాలి. తప్పిన పరీక్షలు ఉండకూడదు. నామినేషన్ నుంచి ఫలితం దాకా 10 రోజుల్లో ముగియాలి. మైకులు, బండ్ల ఊరేగింపులు ఉండవు. ఫలితం వచ్చిన రెండు వారాల్లో ఖర్చు లెక్క చూపాలి. చిన్న క్యాంపస్‌లలో నేరుగా ఎన్నిక పెట్టవచ్చని చెబుతూ ఆ కమిటీ ఉదాహరణగా చూపినవి ఢిల్లీలోని జేఎన్‌యూ, ఈ హైదరాబాద్ విశ్వవిద్యాలయమే.

నా కూడు కొట్టిన నియమం అది. అయినా నేను దానికి చేతులెత్తి మొక్కుతాను. చేత్తో రాయాల్సి వచ్చినప్పుడు ఎంత డబ్బున్నవాడైనా నేలమీద కూర్చొని రాయాలి, లేదా తనను నమ్మినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని రాయించాలి. అట్లా నమ్మేవాళ్లు లేనివాడికి పోస్టర్ ఉండదు. బ్యాలెట్‌లో మా ముదలాళి పాటించిన సమానత్వం, ఈ నియమంతో గోడ మీదికీ కాస్త వచ్చింది.

ఆ పిల్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. హాస్టల్లో ఒక స్నేహితురాలు పెన్సిల్‌తో తెలుగు అక్షరాలు రాసిస్తే వాటి మీదే స్కెచ్ పెన్నుతో దిద్దింది. మెస్సు బిల్లు, ఆలస్యమయ్యే ఫెలోషిప్పులు, రాత్రిపూట లైబ్రరీ: ఈ మూడే రాసింది. గది గదికీ పోయి, తలుపు తీసినవాళ్లతో మా పుదూరు తెలుగులోనే మాట్లాడింది. మలయాళీలతో, హిందీవాళ్లతో వచ్చీరాని మాటలతో నెట్టుకొచ్చింది. చార్టుల ఖర్చు, పెన్నుల ఖర్చు గీతల నోటుపుస్తకంలో రాసుకుంది. గెలిచింది. సెలవులకు వచ్చినప్పుడు ఆ పుస్తకం తాత చేతిలో పెట్టింది. ఆయన బ్యాలెట్ ప్రూఫ్ చూసినట్టే దాన్ని ఎండలో పట్టుకొని పంక్తి పంక్తీ చూశాడు.

ఆ సెలవుల్లో ఆ పిల్ల నా పక్కన కూర్చొని చాలా చెప్పింది. 1973-74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘం అధ్యక్షుడిగా ఉన్న వెంకయ్య నాయుడు 2017లో ఉపరాష్ట్రపతి అయ్యాడట. జేఎన్‌యూ సంఘానికి మూడుసార్లు అధ్యక్షుడైన తెలుగువాడు సీతారాం ఏచూరి, 1977లో ఇందిరాగాంధీ పక్కనే నిలబడి, ఆ విశ్వవిద్యాలయ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేయాలన్న వినతిపత్రాన్ని ఆమె ముఖం మీదే చదివాడట. ఈ ఇద్దరి దారులూ వేరు, జెండాలు వేరు. ఇద్దరూ తోటి పిల్లల్ని ఓటడిగి మొదలైనవాళ్లే. రోజూ ముఖం చూసే తోటివాడి దగ్గర అబద్ధం నిలవదు. మాట తప్పితే మర్నాడు మెస్సులోనే నిలదీస్తాడు. ఆ జవాబుదారీ ఇరవై ఏళ్ల వయసులోనే అలవాటు కావాలి.

కొట్లాటలు జరుగుతాయని ఎన్నికలే తీసేయడం సరికాదు. కొట్లాట డబ్బు నుంచి వచ్చింది, బయటివాళ్ల నుంచి వచ్చింది. వాటిని ఆపే నియమాలు 2006 నుంచీ మన చేతిలోనే ఉన్నాయి. తమిళనాట, ఆంధ్రలో, తెలంగాణలో ప్రతి కాలేజీలో వాటిని పెట్టి ఏటా ఎన్నిక జరపాలి. ఎంపీని ఎన్నుకోగల పిల్లకు తన హాస్టలు నీళ్ల కోసం మాట్లాడే మనిషిని ఎన్నుకునే హక్కు లేకపోవడం అన్యాయం. నిలబడాలనుకునే పిల్లలకు నా మాట ఒకటే: మీ పేరు ఎంత పెద్దగా కనబడుతుందో చూసుకోకండి, బ్యాలెట్‌లో అది అందరి పేరుతో సమానంగానే ఉంటుంది. గది గదికీ పోయి అడగండి. గెలిస్తే లెక్క చెప్పండి. ఓడితే, గెలిచినవాడికి మీ పని అప్పగించి అది జరిగేదాకా వెంటపడండి.