వాకాటి సంజీవని: 'ఫ్రీ' సూత్రమునకు టీకా తాత్పర్యములు

అవతారిక: నెల్లూరు సీమకు వ్యాఖ్యానము కొత్త గాదు. వేదం వేంకటరాయశాస్త్రిగారు (1853–1929) ఆముక్తమాల్యదకు సంజీవని రచించిరి. అంతటి కావ్యమునకు అంతటి వ్యాఖ్య. స్వర్ణముఖి యొడ్డున వాకాటిలో నొక జిజ్ఞాసువు, విండోస్ మోయలేక మూలబడిన 4 జీబీల ల్యాప్‌టాప్‌లో డెబియన్ లైనక్స్ ఎక్కించి, టెర్మినల్ తెరచి, ఈ క్రింది సూత్రము కొట్టెను. దీనికి ఛందస్సు లేదు, రసము లేదు. సందేహములు మాత్రము ప్రబంధమునకు సరిపడ నున్నవి. కావున నీ టీక.

మూలము: ఫ్రీ హైఫన్ హెచ్.

యంత్రము పలికిన యుత్తరము (గిబిబైట్లలో): టోటల్ 3.7, యూజ్డ్ 1.6, ఫ్రీ 0.2, షేర్డ్ 0.2, బఫ్-క్యాష్ 2.2, అవైలబుల్ 2.1.

ప్రతిపదార్థము: హెచ్ = మనుష్యులు చదువదగునట్లు (ఇది లేనిచో ఆరేడేసి యంకెల కిబిబైట్లు కురియును); టోటల్ = ఫర్మ్‌వేర్, గ్రాఫిక్స్, కెర్నెల్ తమ వాటాలు కోసికొనగా మిగిలినది (అమ్మినవాని దోషము గాదు); యూజ్డ్ = టోటల్ నుండి అవైలబుల్ తీసివేసిన శేషము; ఫ్రీ = ఎవరికిని కొరగాక పడియున్నది; షేర్డ్ = టెంప్‌ఎఫ్ఎస్ మొదలగు ర్యామ్‌లోనే నిలుచు ఫైళ్ల వాటా; బఫ్-క్యాష్ = ఒకసారి డిస్కు నుండి చదివిన ఫైళ్లను మరల అడుగుదురేమోయని కెర్నెల్ దాచుకొన్నది; అవైలబుల్ = స్వాప్ (ర్యామ్ చాలనపుడు డిస్కులో వాడు చోటు) జోలికి పోకుండ కొత్త ప్రోగ్రాములకు ఈయగలనను అంచనా.

పూర్వపక్షము: "ఏంది సామీ ఇది! ఒక్క బ్రౌజరు తెరిస్తే 0.2 మిగిలిందంట. మిగతాదంతా యాడికి పోయింది? లైనక్స్ తేలిక అన్నారే!"

సమాధానము: యాడికిని పోలేదు. అరుగు మీద ఆరబోసిన వడ్లను చూచి ఇంట చోటు లేదని యేడ్చువా డుండునా? చుట్టము గడప తొక్కగనే వడ్లు ఎత్తబడును. క్యాష్ అట్టిది. ప్రోగ్రాము అడిగిన తక్షణమే కెర్నెల్ ఆ పేజీలను వదలును. డిస్కునకు ఇంకను వ్రాయని డర్టీ పేజీలను మాత్రము ముందు వ్రాసి పిమ్మట వదలును. ఊరక పడియున్న ర్యామ్ పొదుపు గాదు, వ్యర్థము. కొందరు డ్రాప్ క్యాషెస్ అను ఫైలులో 3 అను అంకె వేసి క్యాష్‌ను ఊడ్చివేసి, ఫ్రీ పెరిగెనని మురియుదురు. మరుక్షణము బ్రౌజరు తెరచిన, అవే ఫైళ్లను డిస్కు మొదటి నుండి చదువవలసివచ్చును. ఇది వైద్యము గాదు.

ఆకరము: ఈ యంకెలన్నియు ప్రాక్ క్రింది మెమ్‌ఇన్ఫో అను ఫైలులోనివి. చోద్యమేమన, ఆ ఫైలు డిస్కులో ఎచటను లేదు. అడిగినపుడెల్ల కెర్నెల్ అప్పటికప్పుడు చెప్పు నాశువు అది; రెండుమార్లు అడిగిన రెండు పాఠములు.

పాఠాంతరము: పాత ప్రతులలో అవైలబుల్ గడి లేదు. దానికి బదులు, బఫర్లు క్యాష్‌లను కూడి తీసి చూపు వేరొక వరుస యుండెడిది. దానిని చదువనేరక ఎందరో బెదరిరి. 2014లో 3.14వ కెర్నెల్ ఈ అంచనాను తానే చెప్పసాగెను; ఆ యేడే ఫ్రీ సూత్రమును దిద్ది ఆ వరుసను తొలగించిరి. ప్రాచీన గ్రంథములు చూచి నేర్చుకొన్నవారు ఇది గమనింపవలెను.

అలంకారము: విరోధాభాసము. యూజ్డ్, ఫ్రీ, బఫ్-క్యాష్ కూడిన 4.0 వచ్చును, టోటల్ 3.7 మాత్రమే. విరోధమునకు పరిహారము: షేర్డ్ వాటా క్యాష్‌లో లెక్కింపబడును గాని అడిగిన వెంటనే వదలదు గనుక యూజ్డ్‌లోను చేరును, కెర్నెల్ తన యవసరమునకు అట్టిపెట్టుకొన్న కొంచెమును అట్లే. ఒకటే వస్తువు రెండు గడులలో నుండుట వాకాటివారికి వింత గాదు. 2022లో మండలము తిరుపతి జిల్లా లెక్కలోనికి పోయినను, ఊరు నెల్లూరు సీమదే కదా.

తాత్పర్యము: ఫ్రీ గడిని చూచి దిగులుపడరాదు, అవైలబుల్ గడిని చూచి నిర్ణయింపవలెను అని భావము.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారికి అకారణ ర్యామ్ వ్యయము తప్పును. అవైలబుల్ అడుగంటి, స్వాప్ వరుస పెరుగుచుండిన నాడు మాత్రమే ర్యామ్ కొనుటకు గూడూరు బస్సెక్కవలెను. అప్పటికిని లెక్కచేయక ట్యాబు మీద ట్యాబు తెరచువారి సంగతి ఓఓఎమ్ కిల్లర్ (ర్యామ్ నిండుకొన్నపుడు ప్రోగ్రాములను చంపు కెర్నెల్ భటుడు) చూచుకొనును. అది మార్కులు వేసి, ఎక్కువ తిన్నవానినే ముందు చంపును. అనగా, బ్రౌజరునే.