2347 × 68: సటీకా తాత్పర్య సహితం

మూలం: 2347 × 68 = ?

లెక్కకు టీక ఏమిటని ఎవరూ నొసలు చిట్లించనక్కర్లేదు. మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన పద్యాల్లోనే తెనిగించాడు. పద్యాల్లో నడిచిన శాస్త్రానికి వ్యాఖ్య లేకపోతేనే లోటు. కాకపోతే ఇక్కడి మూలం తాళపత్రం మీద లేదు. అమ్మ ఫోనులో, బీటలు వారిన గాజు వెనక, ఐదో తరగతి పాప ముందు వెలసింది.

ప్రతిపదార్థం: 2347 = గుణ్యం, అనగా పెరగబోయేది; 68 = గుణకం, అనగా పెంచేది; = అను గుర్తు = ఇక నీ పని; ? = మినుకుమినుకుమంటున్న ఖాళీ గడి. సంస్కృత గణితజ్ఞులు గుణకారాన్ని హననమనీ వధ అనీ కూడా అన్నారు. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు ఆ ఇంట్లో ఆ మాటల ఔచిత్యాన్ని ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

అన్వయం: తెర జవాబే అడుగుతుంది, దారి అడగదు. దారంతా పాత క్యాలెండరు కాగితం వెనక నడుస్తుంది. "ఏడెనిమిదులు యాభయ్యారు, ఆరు వేసి ఐదు చేతిలో. నాలుగెనిమిదులు ముప్ఫై రెండు, ఐదు కలిపితే ముప్ఫై ఏడు..." అలా మొదటి వరస 18776. ఆరో ఎక్కంతో రెండో వరస 14082.

పాఠభేదాల పేచీ ఇక్కడే మొదలు. రెండో వరసలో ఒకట్ల కింద తాతయ్య ఇంటూ గుర్తు పెడతాడు. వీడియోలోని మాస్టారు సున్నా పెడతాడు. పాప ఏమీ పెట్టలేదు. 68లో ఉన్న 6 నిజానికి అరవై, కనక ఆ వరస ఒక గడి ఎడమకు జరగాలి. బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో చెప్పిన గోమూత్రిక పద్ధతికీ ఈ జరుగుడే ప్రాణం. నడుస్తూ పోయే ఎద్దు రోడ్డు మీద విడిచిన తడిగీతను చూసినవాళ్లకు ఆ పేరు విప్పి చెప్పక్కర్లేదు.

పాప కూడితే 32858 వచ్చింది. నొక్కింది. తెర ఎర్రబడింది. హింటు అడిగితే మొదటి వరస చేసి చూపించింది, అదేమో పాపకు వచ్చిన వరసే.

పూర్వపక్షం తాతయ్యది. "తొమ్మిదులు తీసి చూద్దాం పట్టు" అన్నాడు. 2347 అంకెలు కలిపితే 16, అంటే 7. 68కి 14, అంటే 5. ఏడైదులు ముప్ఫై ఐదు, అంటే 8. అటు జవాబు అంకెలు కలిపితే 26, అదీ 8. "సరిపోయిందే తల్లీ! ఆ ఫోనుకే లెక్క రాదు."

ఫోనుకు వచ్చు. 14082 చివర సున్నా ఉన్నా లేకున్నా అంకెల మొత్తం 15 దాటదు, కాబట్టి గడి జరగని తప్పు తొమ్మిదుల పరీక్షకు చిక్కదు. తాతల నాటి జల్లెడలో సరిగ్గా ఈ గింజకే కన్నం ఉంది.

సిద్ధాంతం వంటింట్లోంచి వచ్చింది. "రెండు వేల డెబ్భైలు ఎంత? లక్షా నలభై వేలు. మరి ముప్ఫై రెండు వేలెలా వస్తుంది?" తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

విశేషం: పాప ముందున్న ఆ తెర ఖాన్ అకాడమీది. దానికి బీజం పడింది కూడా ఇలాంటి ఇంటి గొంతుతోనే. 2004లో బోస్టన్‌లో ఉన్న దాని స్థాపకుడు సల్మాన్ ఖాన్, న్యూ ఆర్లీన్స్‌లోని బంధువుల అమ్మాయి నాదియాకు ఫోనులో లెక్కలు చెప్పాడు. వీడియోలు ఆ తర్వాతి మాట.

తాత్పర్యం: 18776కు 140820 కలిపితే 1,59,596. పాప కొట్టింది. తెర పచ్చబడి 159,596 అని చూపించింది. కామా లక్ష దగ్గర లేదు.

"చూశావా" అన్నాడు తాతయ్య, కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ. "దానికి లక్షెక్కడుంటుందో తెలీదు."