ముందు ఆస్పత్రి చూసుకోండయ్యా

మొన్న మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చి, మైపాడు దగ్గర స్థలం చూద్దాం రమ్మని నన్ను వెంటబెట్టుకుపోయాడు. రిటైరయ్యాక సముద్రం గాలికి ఇక్కడే ఉంటాడంట. అంకణం ధర ఎంతో అడిగాడు, వాస్తు చూశాడు, బోరు నీళ్లు నోట్లో పోసుకుని ఉప్పో తీపో తేల్చాడు. "గుండెకు స్టెంటు వేయించుకున్నోడివి, అర్ధరాత్రి నొప్పొస్తే యాడికి పోతావురా?" అన్నాను. "నెల్లూరు నిండా ఆస్పత్రులే కదా మామా" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది.

మా రోజుల్లో పిల్లనిచ్చేముందు కూడా ఆ ఊరికి వైద్యుడు అందుబాటులో ఉన్నాడా అని వాకబు చేసేవాళ్లు. వైద్యుడూ ఎండని ఏరూ లేని ఊళ్లో కాపురం వద్దని సుమతీ శతకంతోనే మాకు నేర్పారు.

అప్పుడు ఆస్పత్రులు తక్కువే. మా నాయనకు కడుపునొప్పి వస్తే నులకమంచం మీదే నలుగురూ కాలవ రేవు దాకా మోశారు. లాంతరు పట్టుకుని నేను ముందు నడిచాను. బకింగ్‌హాం కాలవ పడవలో దాటి, అవతల బండెక్కి నెల్లూరు చేరేసరికి తెల్లారింది. ఆ కష్టం ఎవరికీ రాకూడదు. కానీ ఎవరి దగ్గరికి పోవాలో ఆ నలుగురికీ తెలుసు. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్యగారి తమ్ముడు, డాక్టరు రామచంద్రారెడ్డిగారి ప్రజా వైద్యశాలకు. అక్కడ తర్ఫీదై పల్లెల్లో వైద్యం చేసినవాళ్లు ఎందరో.

తర్వాత 2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, 2014లో నెల్లూరికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. సంతోషమే. సౌకర్యం పెరిగింది, వాకబు చేసే అలవాటు పోయింది.

నేనూ ఆ తప్పు చేశాను. మూడేళ్ల కిందట మా ఇంటావిడ చేతిలోంచి కాఫీ గ్లాసు జారింది, మూతి పక్కకు పోయింది. రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతమైతే నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షను పడాలి. గడ్డో, రక్తస్రావమో సీటీ స్కాన్‌లో తేలితేనే ఆ మందు ఇస్తారు. బోర్డు చూసి దగ్గర్లోని ఆస్పత్రికి పరుగెత్తాం. బోర్డు మీద ఉన్న నరాల డాక్టరు మద్రాసు నుంచి ఆదివారం మాత్రమే వస్తాడంట. ఆ రోజు బుధవారం. ఇంకోచోటికి చేరేసరికి గడువు దాటింది. ఈ రోజుకీ ఆమె జడ నేనే వేస్తాను.

అందుకే మా అక్క కొడుక్కి గట్టిగా చెప్పాను. బోర్డు మీద పేర్లు కాదురా, రాత్రి ఎవరుంటారో అడుగు. గుండె డాక్టరు ఊళ్లోనే కాపురముంటాడా, వారానికోసారి వచ్చిపోతాడా? స్కాను రాత్రి కూడా తీస్తారా? బ్లడ్ బ్యాంకు ఎంత దూరం? నీ ఇన్సూరెన్సు కార్డు అక్కడ చెల్లుతుందా? తుపాను రోజుల్లో ఈ రోడ్డు మునుగుతుందా? ఈ ఊరి బెస్తవాళ్లను అడుగు, ఉన్నదున్నట్టు చెప్తారు. ఒక రాత్రి ఈ స్థలం దగ్గర కారెక్కి, ఆస్పత్రి గేటు దాకా గడియారం చూసుకుంటూ పో.

ఇవన్నీ తెలుసుకుని రా నాయనా. అంకణం ధర అప్పుడు మాట్లాడదాం.