పది నిమిషముల గడువు: టీకా తాత్పర్య సహితము

మూలం

తే. అద్దె చిరునామ యొక్కటి యంత్రమునకు
పది నిమిషముల గడువిచ్చి పంపెనయ్య
సగము గడవగనే తాను సాగిలబడి
మరల వేడును రౌటరు మానకుండ!

అవతారిక. ఇది చాటుపద్యం. కర్త ఎవరో తెలియదు. ఇంట్లో నెట్టు పోయి, కస్టమర్ కేర్ వారి సంగీతం చెవికి ఆనించుకుని కూర్చున్న వేళ పుట్టి ఉంటుందని పద్యంలోని ఆర్తిని బట్టి ఊహించవచ్చు. 'రౌటరు' అన్న మాట ఉంది కనుక నన్నయకు పూర్వపు రచన కాదని చెప్పడానికి శాసన పరిశోధన అక్కరలేదు. విషయం చిన్నది. ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ మన పెట్టెకు ఐపీ చిరునామాను సొంతానికి రాసివ్వదు, గడువు పెట్టి అద్దెకిస్తుంది. ఆ గడువు కొన్నిచోట్ల రోజులు, కొన్నిచోట్ల గంటలు, కొన్నిచోట్ల పద్యంలో చెప్పినంతే. ఇంతమాత్రానికి ఇంత వ్యాఖ్య దేనికంటారా? నాలుగు పాదాల పద్యానికి నలభై పుటల టీక రాయడం మన ఇంటి విద్య. అది ఊరికే పోదు.

ప్రతిపదార్థం. యంత్రమునకు = టీవీ వెనక గోడకు వేలాడుతూ పచ్చదీపం మిణుకుమనే పెట్టెకు; అద్దె = తిరిగి ఇచ్చేయవలసినదైన; చిరునామ = నాలుగు సంఖ్యలు, వాటి మధ్య మూడు చుక్కలు గల ఐపీ చిరునామా; ఒక్కటి = ఒకేఒక్కటి (ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా బయటి లోకానికి ఆ ఇల్లంతా ఈ ఒక్క చిరునామాతోనే కనిపిస్తుందని భావం); పది నిమిషముల గడువు ఇచ్చి = 600 సెకన్లు మాత్రమే చెల్లునని చెప్పి; పంపెను అయ్య = పంపెను గదా; రౌటరు తాను = ఆ పెట్టె; సగము గడవగనే = అయిదో నిమిషం నిండగానే; సాగిలబడి = సాష్టాంగపడి; మానకుండ = అర్ధరాత్రి అయినా, ఇంటివారంతా తిరుపతి వెళ్లి ఉన్నా; మరల వేడును = ఇంకొక పది నిమిషాలు ఇప్పించమని అడుగుతుంది.

'పంపెను' అన్న క్రియకు కర్త ఏడీ? పద్యంలో లేడు. ఇది అన్వయదోషమని కొందరంటారు. ఆ మాట నిలవదు. నెట్టు పోయినప్పుడు ఎవరికి ఫోన్ చేసినా "మా సైడ్ అంతా ఓకే సార్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటారే తప్ప, ఫలానా పని చేసింది మేమే అనేవాడు దొరకడు. లోకానుభవాన్ని అనుసరించిన లోపం గుణమే అవుతుంది.

ప్రమాణం. ఈ అద్దె వ్యవహారానికి శాస్త్రగ్రంథం ఆర్‌ఎఫ్‌సీ 2131. బక్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డ్రోమ్స్ పేరుతో 1997 మార్చిలో వెలువడింది. 1993లో వచ్చిన తొలి పాఠాన్ని సంస్కరించగా తేలిన రూపమిది. ఇందులో చెప్పిన పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. కొత్తగా లేచిన పెట్టెకు తన పేరేమిటో తనకే తెలియదు. 0.0.0.0 అనే శూన్యనామంతో "ఎవరైనా ఉన్నారా?" అని వీధిలోకి కేక వేస్తుంది. కంపెనీ సర్వరు "ఇదిగో, ఈ చిరునామా ఉంది" అంటుంది. "అదే ఇప్పించండి" అని పెట్టె. "తీసుకో, ఇంత గడువు" అని సర్వరు. నాలుగు మాటల్లో ముగిసే సంభాషణ. కరెంటు వచ్చీ రాగానే వీధిలోని పెట్టెలన్నీ ఒక్క గొంతున అరవకుండా, ఒక్కొక్కటి 1 నుంచి 10 సెకన్ల లోపు తనకు తోచినంత ఆగి మొదలుపెట్టాలని కూడా అందులో నియమముంది. పెన్సిల్వేనియాలో కూర్చున్నవారికి మన వేసవి కోతల సంగతి ఎవరు చెప్పారో!

గడువును సెకన్లలో చెబుతారు. రాయగలిగిన పెద్ద సంఖ్య 4,29,49,67,295. అదొక్కటి మాత్రం సంఖ్య కాదు, 'శాశ్వతం' అని అర్థం. అంటే శాస్త్రకారుడు శాశ్వతానికీ చోటు ఉంచాడు. పదినిమిషాలని ఆయన ఎక్కడా అనలేదు. అది కంపెనీలో ఎవరో సర్వరు ముందు కూర్చుని కొట్టిన అంకె.

'సగము గడవగనే' అన్నచోట కవి నిక్కమైన శాస్త్రజ్ఞుడు. గడువులో సగం కాగానే పొడిగింపు అడగాలన్నది నియమమే. 'సాగిలబడి' అన్నచోట మాత్రం తొందరపడ్డాడు. సగం దగ్గర పెట్టె సాగిలబడదు. తనకు చిరునామా ఇచ్చిన సర్వరు ఒక్కదానికే, దాని చెవిలో పడేలా మర్యాదగా విన్నవించుకుంటుంది. జవాబు రాకపోతే మిగిలిన వ్యవధిలో సగమంత ఆగి మళ్లీ అడుగుతుంది, ఆ ఆగడం ఒక నిమిషానికి తగ్గకూడదు. ఎనిమిదింట ఏడు వంతులు గడిచినా పలుకు లేకపోతే, అంటే పది నిమిషాల గడువులో 8 నిమిషాల 45 సెకన్ల దగ్గర, అప్పుడు మర్యాద వదిలేసి ఏ సర్వరైనా సరే ఆదుకోమని నలుగురిలో కేక పెడుతుంది. సాష్టాంగం పడవలసిన ఘట్టం అది. ఛందస్సు కోసం కవి దాన్ని మూడు నిమిషాల 45 సెకన్లు ముందుకు జరిపాడని సరిపెట్టుకోవాలి. పదో నిమిషం నిండితే చిరునామా వాడడం తక్షణం ఆపేయాలి. పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది, నెట్టు ఉండదు.

పింఛనుదారు ఏడాదికోసారి నవంబరులో బ్యాంకుకు వెళ్లి తాను బతికే ఉన్నానని కాగితం ఇచ్చి వస్తాడు. ఈ పెట్టె ఆ కాగితాన్ని అయిదు నిమిషాలకోసారి ఇస్తోంది. రోజుకు 288 సార్లు.

శంక. అయితే పది నిమిషాలకోసారి ఇంటి చిరునామా మారిపోతుందా?

సమాధానం. మారదు. ఈ పద్యం చదివిన పదిమందిలో తొమ్మిదిమంది పొరబడేది ఇక్కడే. అడిగిన ప్రతిసారీ సర్వరు ఆ చిరునామానే పొడిగిస్తుంది. వీలైనంతవరకు ఒక యంత్రానికి ఎప్పుడూ ఒకే చిరునామా దక్కాలన్నది శాస్త్రకారుడి సంకల్పాల్లో ఒకటి. గడువు పది నిమిషాలే అయినా ఏడాదిపాటు ఒకే చిరునామాలో కాపురముండవచ్చు. గడువు పొట్టిదైనంత మాత్రాన అద్దె ఇల్లు ఖాళీ చేయించినట్టు కాదు. మారేది ఎప్పుడంటే, పెట్టె గడువు మించి ఆగిపోయినప్పుడు, ఆ సందులో ఆ చిరునామాను ఇంకొకరికి కట్టబెట్టినప్పుడు. రోజు గడువున్న ఇంటికి పావుగంట కరెంటు పోతే ఏమీ కాదు. పది నిమిషాల గడువున్న ఇంటికి అదే పావుగంట చాలు, హక్కు పోవడానికి.

శంక. చిరునామా మారకపోతే ఇక బాధేమిటి? అడిగేది పెట్టె, ఇచ్చేది సర్వరు. మధ్యలో మనకేం పోయింది?

సమాధానం. ఇదే ఈ పద్యానికి ఆయువుపట్టు. పెట్టె సగం కాగానే పొడిగింపు తెచ్చుకుంటుంది కాబట్టి, ఏ క్షణంలో చూసినా దాని చేతిలో కనీసం సగం గడువు మిగిలి ఉంటుంది. కంపెనీ సర్వరు ఒక రాత్రి పడిపోయిందనుకోండి. 24 గంటల గడువిచ్చిన ఊళ్లో ఎవరికీ 12 గంటలపాటు ఏమీ కాదు. ఈలోగా ఉద్యోగులు లేచి, టీ తాగి, సర్వరును నిలబెట్టి, మళ్లీ పడుకోవచ్చు. ఊరికి తెలియనే తెలియదు. పది నిమిషాల గడువిచ్చిన ఊళ్లో అయిదో నిమిషం నుంచి ఇళ్లు ఒకటొకటిగా చీకటిపడతాయి, పదో నిమిషానికి ఒక్క ఇల్లూ మిగలదు. తీగ తెగలేదు, ఫైబరు చెక్కుచెదరలేదు. అనుమతి చెప్పే నోరు మూగబోయింది, అంతే. పొట్టి గడువు ప్రతి చిన్న తుమ్మునూ ఊరంతటి జబ్బు చేస్తుంది.

సర్వరుకైనా సుఖముందా? లక్ష ఇళ్లున్న ఊరికి రోజు గడువు పెడితే దానికి వచ్చే విన్నపాలు రోజుకు రెండు లక్షలు. పది నిమిషాలు పెడితే రెండు కోట్ల 88 లక్షలు, సెకనుకు 333. పడిపోవడానికి కావలసిన బరువును కంపెనీ తానే తన నెత్తిన పెట్టుకుంటోంది.

పూర్వపక్షం. "చిరునామాలు కరువయ్యా, అందుకే పొట్టి గడువు" అంటారు కంపెనీ పక్షం వ్యాఖ్యాతలు. కరువు మాట అబద్ధం కాదు. ఐపీవీ4 చిరునామాలు మొత్తం 429 కోట్ల చిల్లర. ప్రపంచ భాండాగారం 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. మన ఆసియా-పసిఫిక్ వాటా చూసే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ 15న చివరి మూటకు వచ్చి, అప్పటినుంచి చారెడు చారెడు పంచింది. అయినా ఈ వాదం ఇంటికి వర్తించదు. రైల్వే స్టేషను వైఫైలో మనిషి వస్తాడు, పోతాడు. అతను వదిలిన చిరునామా వెంటనే వెనక్కి రావాలి, అక్కడ పొట్టి గడువు న్యాయం. ఇంటి రౌటరు ఎక్కడికి పోతుంది? ఇరవైనాలుగు గంటలూ గోడకే ఉంటుంది. అది పట్టుకున్న చిరునామాను పది నిమిషాలకోసారి అడిగినా, పది రోజులకోసారి అడిగినా మిగిలేది సున్న. నెట్‌వర్కులో మార్పులు చేసేముందు రెండు రోజులు గడువు తగ్గించుకోవడం సబబే. పని అయ్యాక మళ్లీ పెంచాలి కదా! పెంచడం మరచిపోవడమే చాలాచోట్ల అసలు కారణమని ఈ టీకాకారుడి అనుమానం. స్టాటిక్ ఐపీకి, అంటే మారని చిరునామాకు, నెలనెలా వేరే రుసుము ఉండడాన్ని ఇక్కడ గుర్తుచేసే గడుసువారూ ఉన్నారు. దానికి ప్రమాణం లేదు కాబట్టి వదిలేస్తున్నాం.

ధ్వని. రౌటరు సెట్టింగుల పేజీలో కనిపించే చిరునామా 100.64 మొదలుకొని 100.127 లోపు ఉంటే పద్యానికి ఇంకొక అర్థం వస్తుంది. 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ప్రత్యేకించి కేటాయించిన వాటా అది. కంపెనీ తన గేటు లోపల మాత్రమే వాడుకుని, బయటికి అనేకమంది చందాదారులను ఒకే అసలు చిరునామా వెనక నిలబెడుతుంది. దీన్ని సీజీనాట్ అంటారు. అప్పుడు డాలస్‌లోని కొడుకు గుంటూరు ఇంటి కెమెరాను నేరుగా తెరుద్దామన్నా కుదరదు, గడువు పదేళ్లిచ్చినా కుదరదు. 'అద్దె' అన్న తొలిమాట ఇక్కడ 'అద్దెకు తీసుకున్నవాడి దగ్గర అద్దె' అని ధ్వనిస్తుంది.

పాఠాంతరం. 'ఒక్క దినముకు గడువిచ్చి' అని జర్మనీ ప్రతుల్లో ఉండదగిన పాఠం. (మొదటి అక్షరం మారింది కనుక యతి చెడుతుంది, జర్మనులు ఆ బాధ ఎరుగరు.) అక్కడ డాయిచె టెలికాం పాత డీఎస్‌ఎల్ లైన్లలో డీహెచ్‌సీపీ గడువుతో పని లేకుండానే 24 గంటలకోసారి కనెక్షన్ బలవంతంగా తెంపేది, తిరిగి కలిపినప్పుడు కొత్త చిరునామా వచ్చేది. ఆ తెంపు తెల్లవారుజామున పడేట్టు జరుపుకోవడానికి ఫ్రిట్జ్‌బాక్స్ రౌటర్లలో ప్రత్యేకంగా ఒక మీట ఉంది. కొత్త ఐపీ లైన్లు వచ్చాక ఆ గడువు 180 రోజులకు పెరిగింది. పెంచినందువల్ల ఆకాశం ఊడిపడలేదు.

ఐపీవీ6లో కరువు ప్రసక్తే లేదు. చిరునామా 128 బిట్లు. అయినా కొన్ని కంపెనీలు పాత అలవాటుకొద్దీ అక్కడా ఇళ్ల చిరునామాల ముందుభాగాలైన ప్రిఫిక్స్‌లు మారుస్తూ ఉండడం చూసి, యూరప్‌లోని రైప్ అనే నెట్‌వర్కు నిర్వాహకుల సమాజం ఇళ్లకు స్థిరమైన ప్రిఫిక్స్ ఇవ్వండని 2017లో సలహాపత్రం వెలువరించింది.

అలంకారం. అచేతనమైన పెట్టెకు వేడికోలు ఆరోపించడం వల్ల సమాసోక్తి. రసం కరుణ. నెల బిల్లు కట్టేది మనం కనుక హాస్యమనడానికి మనసొప్పదు.

తాత్పర్యం. ఇంటి కనెక్షనుకు పది నిమిషాల గడువు సమర్థించరానిది. పాఠకుడు తన రౌటరు పేజీ తెరిచి, స్టేటస్ అన్నచోట లీజ్ టైమ్, అంటే సెకన్లలో గడువు, చూసుకోవాలి. 86,400 అని ఉంటే రోజు, 3,600 అని ఉంటే గంట, 600 అని ఉంటే ఈ పద్యం మీ ఇంటిదే. అప్పుడు మీ ఆపరేటరుకు ఫోన్ చేసి, రౌటరు ఆఫ్ చేసి ఆన్ చేయమనే లోపలే, సర్వరులో లీజును 24 గంటలకు పెంచమని అడగండి. మార్చవలసింది ఒక్క అంకె. దానికి కొత్త తీగ అక్కరలేదు, ఖర్చూ లేదు.