చెవిలో చీము ఆరకుండా కాపాడుకోవడం ఎలా?

చెవి కారడం ఎవరికైనా వస్తుంది. దాన్ని ఇరవై ఏళ్లు నిలబెట్టుకోవడం మాత్రం అందరికీ చేతకాదు. అందుకు ముందు చెవి అంటే బయటికి కనిపించే చిల్లు మాత్రమేనని గట్టిగా నమ్మాలి. కర్ణభేరికి అవతల గాలితో నిండిన చిన్న గది ఉందనీ, దాని తలుపు ముక్కు వెనకాల ఉందనీ ఎవరైనా చెబితే నవ్వెయ్యండి.

ఆ తలుపే యూస్టేషియన్ నాళం. మింగినప్పుడూ ఆవలించినప్పుడూ క్షణంపాటు తెరుచుకుని లోపలికి గాలి పంపుతుంది, లోపలి తడిని గొంతులోకి దించుతుంది. పెద్దవాళ్లలో సుమారు 36 మిల్లీమీటర్ల పొడవుండి, 45 డిగ్రీల వాలుగా దిగుతుంది. పసిపిల్లల్లో పొడవు దాదాపు సగమే, వాలు పది డిగ్రీలు. అంటే ఇంచుమించు అడ్డంగా పడుకున్నట్టే. కనుక శ్రీకారం పసితనంలోనే చుట్టాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పాలసీసా పెట్టి, మీరు సీరియల్ చూసుకోండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్టు కాలిస్తే మరీ మంచిది. పిల్లాడు నోరు తెరుచుకుని గురక పెడుతుంటే "అచ్చం వాళ్ల తాతే" అని మురిసిపోండి. ముక్కు వెనకాలుండే అడినాయిడ్లు ఉబ్బి ఆ నాళానికి అడ్డం పడ్డాయేమో చూపించారా, ఆట కట్టు.

ఇక వైద్యం. వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన నూనె చెవిలో పొయ్యండి. కర్ణభేరికి చిల్లుంటే తిన్నగా లోపలి దాకా పోతుంది. తలంటు రోజున వాసెలిన్ రాసిన దూది పెట్టుకుంటే నీళ్లు లోపలికి పోవు, అందుకని పెట్టుకోకండి. పిన్నీసు, అగ్గిపుల్ల, బండి తాళం ఎప్పుడూ చేతికందేలా ఉంచుకోండి. డాక్టరు రాసిన చుక్కలు కారడం తగ్గిన పూటే ఆపేసి, ఆ సీసానే వచ్చే ఏడాదికి దాచండి.

కంపు కొట్టే చీము కొద్దికొద్దిగా వస్తోందా? మీ శ్రమ ఫలిస్తోంది. యూస్టేషియన్ నాళం మూసుకుపోతే కర్ణభేరి అవతలి గదిలో గాలి ఇంకిపోతుంది. కర్ణభేరి పైభాగంలో పొర వదులుగా ఉంటుంది, అది లోపలికి గుంజుకుపోయి సంచిలా తయారవుతుంది. చర్మం రాల్చే పొట్టు అందులోనే పేరుకుంటుంది. ఇదే కొలెస్టియటోమా. క్యాన్సర్ కాదు కానీ ఎముకను తినేస్తుంది. ముందుగా దెబ్బతినేది తరచూ, శబ్దాన్ని లోపలికి చేరవేసే చిన్న ఎముకల్లో ఒకటైన దాగలి ఎముక పొడవాటి కాడ, రక్తం అందేది అక్కడ తక్కువ మరి. పక్కనే ముఖాన్ని కదిలించే నరం, పైన పల్చటి ఎముక కప్పు, ఆ కప్పు మీద మెదడు. ఇంత జరుగుతున్నా చాలామందికి నొప్పే ఉండదు. "నొప్పి లేదుగా" అన్న మాటను మించిన ఆయుధం ఈ శాస్త్రంలో లేదు.

చెవి వెనకాల మాస్టాయిడ్ ఎముకలో గాలి అరలుంటాయి. దీర్ఘకాలం చెవి కారేవాళ్లలో అవి తరచూ తక్కువగా ఉంటాయి. చిన్ననాటి జబ్బే వాటిని ఎదగనివ్వలేదని 1918లో విట్‌మాక్ అనే చెవి వైద్యుడు అన్నాడు. కాదు, అరల పరిమాణం పుట్టుకతో వచ్చేదే, అవి తక్కువున్న వాళ్లకే జబ్బు పట్టుకుంటుందని 1940లో డియామంట్ అనే మరో వైద్యుడు అన్నాడు. ఈ తగువు తేలేదాకా ఆసుపత్రి గడప తొక్కనని భీష్మించుకోండి. చెవి పైనున్న కండరం మీది పొర తీసి కర్ణభేరికి అతుకు వేస్తారట, అదేం విడ్డూరమని పదిమందిలో ఎగతాళి చెయ్యండి. వినపడకపోతే టీవీ సౌండు పెంచండి.

మూతి ఓ పక్కకు లాగేస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించుకోండి. కళ్లు తిరిగితే దిష్టి తీయించుకోండి. తలనొప్పి, జ్వరం, వాంతులు కట్టగట్టుకుని వస్తే గ్యాసని సోడా తాగండి. చివరికి ఎవరో మోసుకెళ్తే, చెవి సంగతేమిటని డాక్టరు అడుగుతాడు. "చెవిదేముందండీ, చిన్నప్పట్నుంచీ ఉన్నదేగా" అనండి.