‘ఇదొక్కటి చూసి’: ఒక టీక

మూలం: “ఇదొక్కటి చూసి పడుకుంటా లేమ్మా!”

రాత్రి పదకొండున్నరకు, కొమరోలులో, దుప్పటి లోపలి నుంచి వెలువడిన వాక్యమిది. వక్త ఇంటర్ చదివే మావాడు, శ్రోత వాళ్లమ్మ. పూర్వ వ్యాఖ్యాతలెవరూ దీన్ని ముట్టుకోలేదు గనక ఆ బరువు నా మీద పడింది.

ఇది = దగ్గరి వస్తువును చూపే సర్వనామం. అయితే నోట ‘ఇది’ అనేలోగా బొటనవేలు పైకి జరిగి, ‘ఇది’ కాస్తా ‘అది’ అయిపోతుంది. ఒక్కటి = సంఖ్యావాచకమని అమాయకులు అనుకుంటారు. 2006లో ఆజా రాస్కిన్ అనే ఆయన, అడుగన్నదే లేకుండా జరుగుతూపోయే తెరను కనిపెట్టాడు. ఎందుకు చేశానా అని తర్వాత ఆయనే నొచ్చుకున్నాడు. దాంతో ఒకటి తర్వాత రెండు రావడం మానేసి, మళ్లీ ‘ఒక్కటే’ వస్తోంది. చూసి = అసమాపక క్రియ. వాక్యం మొత్తంలో నిజం పలికిన పదం ఇదే. పడుకుంటా = భవిష్యత్తా, తద్ధర్మమా? తెలుగులో రెంటికీ ఒకే రూపం. తద్ధర్మమైతే ‘నేనూ ఏదో ఒక వేళకు పడుకునేవాణ్ణే’ అని అర్థం. అప్పుడు మాట తప్పినట్టు కాదు. లే = పొమ్మనకుండా పొమ్మనే అవ్యయం. అమ్మా = సంబోధన. దీర్ఘం ఎంత సాగితే వీడియో అంత బాగున్నట్టు.

శంక: వాడికి నిద్ర రావడం లేదా? సమాధానం: కళ్లు మూతలు పడుతున్నాయి. మరెందుకురా అంటే, “ఇంకా ముప్పావు జీబీ ఉంది నాన్నా, పన్నెండు దాటితే వేస్టు” అన్నాడు.

ఇక్కడ టీకాకారుడి కలం ఆగింది. బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి, చేతులు కడిగినవి కరివేపాకు మొదట్లోకి పోయే ఇల్లు మాది. ఎండాకాలం ట్యాంకరొస్తే గొట్టం దులిపి మరీ పట్టుకుంటాం. పారబోస్తే పాపమని వాడికి నేర్పింది మేమే. నీళ్లు మిగిలితే రేపటికి డ్రమ్ములో ఉంటాయి. డేటా అర్ధరాత్రికి ఆవిరి. 2016 సెప్టెంబరులో జియో రాకముందు నెలకొక జీబీని నెయ్యిలా వాడుకున్నాం. రోజుకింతని కొలిచి పోయడం మొదలయ్యాక మిగల్చడమే దుబారా అయింది.

ప్రమాణం: మాకు దక్షిణాన పోరుమామిళ్లలో, బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పింది. నేల ఎక్కువై నీళ్లు చాలకపోవడం దోషమని ఎవరైనా చెబుతారు. ఆ పక్కనే, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడాన్నీ దోషాల్లోనే కలిపారు. ఈ కరువు సీమలో ఆ మాట రాతిమీద చెక్కించినవాడి గుండెకు దండం పెట్టాలి. మావాడి విషయంలో నేల రెండు కళ్లంత. వదిలేది రోజుకు ఒకటిన్నర జీబీ.

పాఠాంతరం: ఆ రాత్రే వీధి కుళాయికి నీళ్లొచ్చాయి. “ఏమయ్యా, బిందెలు పట్టుకురా” అని వాళ్లమ్మ కేకేసింది. వరండాలోంచి జవాబు: “ఇదొక్కటి చూసి వస్తున్నా లేవే!” ప్రక్షిప్తమని కొట్టేద్దునే గాని, గొంతు నాదే. బిందె తీసుకుని వెళ్లేసరికి కుళాయి గాలి వదులుతోంది.